మధ్యలో దిగిపోతే

విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఆర్థిక సహాయం సంగతి చూసే గది అది. గది ఇరుకు, బల్ల వెడల్పు. బల్లకు అటువైపు అధికారిణి. ఇటువైపు ఆ విశ్వవిద్యాలయం బస్సునే నడిపే డ్రైవరు, ఆయనకూ గోడకూ మధ్య ఇరుక్కుని అక్కడే రెండో సంవత్సరం చదువుతున్న ఆయన కూతురు. మాట్లాడవలసింది కూతురు, మాట్లాడేది మాత్రం, ఎప్పటిలాగే, తండ్రి.

"ఆగు! ఆ మాట అనకు."

"ఏ మాట మేడం?"

"ఇప్పుడు అనబోయావే, అదే. 'నేను చదువు మా' దాకా వచ్చావు. అక్కడే ఆపు. మిగతాది మింగెయ్."

"మింగెయ్యడమేంటి మేడం? అమ్మాయి పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఖాళీ కడుపులో మాటలు పడితే అరగవు."

"డ్రైవర్ గారూ, మీరు కాసేపు ఊరుకోండి. చూడమ్మా, ఈ గదిలో, నా ఎదురుగా, విద్యార్థి ఆ మాట నోటితో అంటే చాలు. కాగితం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఆ రోజే వెళ్ళిపోయినట్టు లెక్క. నేను తేదీ వేసి తీరాలి. అర్థమైందా?"

"అయింది మేడం."

"నాకు కాలేదు. మా కండక్టరు మాట అనడానికీ మీరు తేదీ వెయ్యడానికీ..."

"కండక్టరెవరు?"

"ఇదే, మా అమ్మాయే. చిన్నప్పుడు బస్సెక్కిస్తే రైట్ రైట్ అని ఒకటే అరుపు, అప్పటినుంచీ అదే పేరు. ఏమంటున్నానూ... ఎవరైనా సాయానికని వస్తే సాయంత్రం రమ్మంటారే, సాయంత్రమొస్తే సాయం అంతం అయిపోయిందంటారే, మరి వద్దు మొర్రో మానేస్తా..."

"మీరు కూడా అనకండి!"

"నేనంటే ఏమవుతుంది మేడం? నేను ఎనిమిదో క్లాసులోనే దిగిపోయినవాణ్ణి. ఇప్పుడు నా తేదీ ఎవడికి కావాలి?"

"మీరంటే ఏం కాదు. మీరన్నదానికి ఆ పిల్ల అవునంటుంది. అవునన్నా అన్నట్టే."

"నాన్నా, నువ్వు ఊరుకో. మేడం... నేను కాదు, నాకు తెలిసిన ఒకమ్మాయి ఉందనుకోండి."

"ఆఁ, అలా రా. ఉందనుకుంటున్నా."

"తను టర్ము మధ్యలో వెళ్ళిపోయిందనుకోండి. తనకి వచ్చిన సాయం ఏమవుతుంది?"

"టర్ము మొదట్లో ఇచ్చినదంతా ఆ రోజే తనదైపోదు. రోజూ వస్తూ ఉంటే రోజుకింతని సంపాదించుకున్నట్టు. టర్ములో అరవై శాతం దాటిందా, మొత్తం తనదే. దాటకముందు వెళ్ళిందా, వచ్చినన్ని రోజులదే తనది. మిగతాది వెనక్కి ఇచ్చెయ్యాలి."

"మా బస్సు టికెట్టులాగా అన్నమాట. సగం దారిలో దిగినవాడికి మిగతా చిల్లర ఇవ్వం కదా."

"తిరగేసి చూడండి. ఇక్కడ సగం దారిలో దిగితే, మిగతా దారికి డబ్బులు మీరే కట్టాలి."

"ఎక్కని దారికా?"

"ఎక్కని దారికే."

"ఇదేం బస్సు మేడం! టర్ము మధ్యలో టర్ను తీసుకుంటే ఇంత చలానా? దీనికి యూ టర్ము అని బోర్డయినా పెట్టలేదే."

"పెట్టాం. సాయం ఇచ్చిన రోజే అందరికీ చదివి వినిపించాం. ఎవరూ వినలేదు."

"అదేంటి మేడం, ఫీజు కింద వచ్చింది మీరే పట్టుకున్నారుగా? అది తన చేతికి రాలేదుగా?"

"యూనివర్సిటీ పట్టుకున్నది యూనివర్సిటీయే సర్కారుకి తిరిగి పంపేస్తుందమ్మా."

"చూశావా కండక్టరూ, వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారట. మనకేం బాధ?"

"పంపేశాక ఆ ఫీజు బాకీ ఆ అమ్మాయి పేర రాసుకుంటుంది. ఏంటి డ్రైవర్ గారూ, జోకు రాలేదు?"

"వస్తోంది మేడం, గేరు పడట్లేదు. మరి ఆ బాకీ తీరేదాకా?"

"మళ్ళీ చేర్చుకోరు. చదివినంతవరకూ మార్కుల కాగితం కూడా ఇవ్వరు. ఇంకో చోట చేరదామన్నా కుదరదు."

"పుస్తకాలకని చేతికి కొంత ఇచ్చారు కదా మేడం, అదీ ఇవ్వాలా?"

"అందులోనూ కొంత ఇవ్వాలి. ఉందా?"

"ఖర్చయిపోయింది."

"పుస్తకాలకేగా? పుస్తకాలు అమ్మితే ఎంతో కొంత..."

"పుస్తకాలకి కాదు. ఇంట్లో ఒక పని పడింది."

"ఏం పని? నాకు తెలీని పని మనింట్లో ఏం పడింది?"

"తర్వాత చెప్తా నాన్నా."

"తర్వాతేంటి, ఇప్పుడు చెప్పు."

"తర్వాత!"

"మీ ఇద్దరూ ఇంటికెళ్ళి పోట్లాడుకోండి. అప్పు మాట కూడా వినండి. ఆ అమ్మాయి అప్పు కూడా తీసుకుంది కదా? చదువుతున్నన్నాళ్ళూ అది నిద్రపోతుంది. చదువు ఆగాక ఆరు నెలలకి లేస్తుంది."

"లేచి?"

"వడ్డీతో సహా వాయిదాలు కట్టాలి."

"ఎప్పటినుంచి?"

"ఆరు నెలలు నిండగానే, అప్పుడే."

"అప్పు-డే! దానికీ ఒక రోజు పెట్టారన్నమాట. మదర్స్ డే, ఫాదర్స్ డే, అప్పు డే. పోనీ మేడం, మాఫీ ఏమైనా..."

"లేదు."

"మాఫీ లేకపోతే పోనీ, కాఫీ అయినా ఇప్పిస్తారా? గొంతెండిపోతోంది."

"నాన్నా! నీకిదంతా నవ్వులాటగా ఉందా?"

"లేదురా. నవ్వకపోతే నాకు భయమేస్తుంది. భయమేసినవాడు స్టీరింగు పట్టుకోకూడదు. ఇంకాసేపట్లో ట్రిప్పుంది."

"ఇద్దరూ వినండి. మీరింత బెంగ పడక్కర్లేదు. నాకు తెలిసిన చిన్న ఉపాయం చెప్తాను. ఉపాయం కూడా కాదు, రూలే. వచ్చే బుధవారానికి టర్ములో అరవై శాతం నిండుతుంది. అందాకా నోరు కుట్టేసుకుని బుద్ధిగా క్లాసుకి రా. గురువారం పొద్దున్నే నా దగ్గరికొచ్చి ఆ మాట హాయిగా అను. పది సార్లను. ఒక్క పైసా వెనక్కి ఇవ్వక్కర్లేదు. ఆ ఇంట్లో పనేదో దానికి ఖర్చు పెట్టింది కూడా నీదే."

"అంతేనా! మేడం, మీరు మేడం కాదు, మేడంత మనిషి. కండక్టరూ, విన్నావా? ఆర్రోజులు. ఆర్రోజులు నోటికి బ్రేకు, కాళ్ళకి క్లచ్చు. అసలు ఈ ఆర్రోజుల్లో దీని మనసు మారినా మారుతుంది మేడం. ఎందుకు మానేస్తానంటోందో నాకూ చెప్పట్లేదు. నిన్నరాత్రి ఉన్నట్టుండి..."

"కుదరదు మేడం."

"ఏంటి కుదరనిది?"

"ఆర్రోజులు."

"ఎందుకు కుదరదు? క్లాసులో కూర్చోవడమే కదా. కూర్చుని నిద్రపో, నాకభ్యంతరం లేదు."

"కుదరదు. క్లాసుకి వెళ్ళలేను."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"ఎవరైనా ఏమైనా అన్నారా? మాస్టారెవరైనా..."

"లేదు మేడం."

"మరి? ఉండు, నీ హాజరు తెరుస్తాను. ఎన్ని క్లాసులున్నాయో చూసి... ఇదేంటి?"

"ఏమైంది మేడం?"

"ఈ నెలంతా ఖాళీగా ఉంది. పోయిన నెల... పోయిన నెల మొదటి వారంలో ఒక్క రోజు. అదే ఆఖరు."

"మీ మిషను మొరాయిస్తున్నట్టుంది మేడం. హాజరు లేకపోవడమేంటి, బేజారుగా! ఇది రోజూ నా బస్సులోనే వస్తుంది. పొద్దున మొదటి ట్రిప్పు. నేను ఇంజన్ వేడి చేస్తుంటే ఇది అద్దాలు తుడుస్తుంది."

"వస్తుంది. దిగుతుందా?"

"ఆఁ?"

"బస్సులో వస్తుంది, సరే. ఇక్కడ గేటు దగ్గర దిగుతుందా డ్రైవర్ గారూ?"

"దిగుతాను మేడం."

"నిన్నడగలేదమ్మా."

"అంటే మేడం... దిగాల్సిన పని లేదుగా. ఈ టర్ము నుంచి క్లాసులన్నీ ఫోన్లో పెడుతున్నారుగా. ఎక్కడ కూర్చుని విన్నా ఒకటేనటగా."

"ఎవరు చెప్పారు?"

"కండక్టరే చెప్పింది."

"మా దగ్గర అలాంటిదేమీ లేదు."

"లేకపోవడమేంటి మేడం? చెవిలో పెట్టుకుని వింటుంటే నేనే చూశాను. కండక్టరూ, చెప్పు. ఫోన్లో పాఠాలు లేవా?"

"నాన్నా, ట్రిప్పుకి టైమవుతోంది."

"ట్రిప్పు సంగతి తర్వాత! మరి నువ్వు చెవిలో పెట్టుకున్నదేంటి?"

"ఏం లేదు. ఊరికే పెట్టుకున్నా."

"ఊరికేనా? అన్ని రోజులూ ఊరికేనా?"

"నువ్వు నమ్మాలని."

"డ్రైవర్ గారూ, మీరు కాస్త కూర్చోండి. చూడమ్మా, ఇప్పుడు లెక్క మొత్తం మారిపోయింది. క్లాసుకి రావడం మానేసినవాళ్ళు నోరు తెరిచి చెప్పకపోయినా, ఆఖరిసారి క్లాసులో కూర్చున్న రోజే వెళ్ళిపోయిన రోజు. మీ మాస్టార్లు నాకింకా రాయలేదు. రేపో ఎల్లుండో రాస్తారు. బుధవారం దాకా ఆగినా లాభం లేదు. సాయంలో ముప్పావు వంతు వెనక్కి పోతుంది."

"అయితే ఆ మాట అన్నా ఒకటే, అనకపోయినా ఒకటే కదా మేడం. అనేస్తాను. తేదీ వేసుకోండి. మీరు ఇంటికెళ్ళేదీ మా బస్సులోనేగా, అందరం కలిసే..."

"ఆగమన్నానా! ఇంత మొండి పిల్లవేంటి? నెలరోజులు ఆ బస్సులో కూర్చుని ఏం చేశావు?"

"ఏం లేదు. నాన్నకి తోడు."

"ఇంత వయసొచ్చిన మనిషికి తోడెందుకు? నేను రోజూ ఆ బస్సులోనే ఇంటికెళ్తాను. ఇప్పుడు గుర్తొచ్చింది, ముందు సీట్లో కూర్చుని వసపిట్టలా వాగేది నువ్వేనా? ఎర్రలైటు, సైకిలు, మలుపు, కుక్క... నన్నొక్క కునుకు తియ్యనివ్వవు. క్లాసులెగ్గొట్టి కబుర్లు చెప్పడానికా బస్సెక్కుతున్నావు?"

"అవును మేడం. కబుర్లకే."

"నేనది నమ్మను. సరే, చెప్పకు. ఇంకొక్క దారి ఉంది. ఇదే ఆఖరు. చదువు మానెయ్యడం కాదు, సెలవు. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి, చూసుకోవడానికి నువ్వు తప్ప వేరే దిక్కు లేకపోతే, టర్ము మొత్తానికి సెలవిస్తారు. జబ్బు మొదలైన రోజు నుంచే లెక్క. వెళ్ళిపోయినట్టు రాయరు. సాయం ఎక్కడిదక్కడ ఆగుతుంది, అప్పు నిద్ర లేవదు. వచ్చే టర్ములో వచ్చి మళ్ళీ కూర్చోవడమే."

"నిజంగానా మేడం?"

"నిజంగానే డ్రైవర్ గారూ. డాక్టరు కాగితం ఉండాలి, రోగి పేరుండాలి. మీ ఇంట్లో ఎవరెవరున్నారు?"

"నేనూ, ఇదీ, వాళ్ళమ్మ, మా అమ్మ."

"మీ ఆవిడ ఆరోగ్యం?"

"దివ్యంగా ఉంది. లాండ్రీలో దుప్పట్లు పిండుతుంది. నన్ను పిండడానికి కూడా ఓపిక మిగుల్చుకుంటుంది."

"మీ అమ్మగారు?"

"ఆవిడ దగ్గరికి రావాలంటే జలుబుకే జ్వరమొస్తుంది మేడం."

"అయితే ఎవరికీ ఏమీ లేదా? అమ్మాయ్, నువ్వు చెప్పు. ఇంట్లో ఎవరికైనా బాలేదా?"

"మేడం, ఆ కాగితం ఎవరెవరు చూస్తారు?"

"ఎందుకు?"

"ఊరికే. మీరొక్కరేనా?"

"నేనూ, మా పైవాళ్ళూ. రోగి ఈ యూనివర్సిటీలోనే పనిచేస్తుంటే మాత్రం ఆ విభాగానికి కూడా ఒక కాపీ వెళ్తుంది. పని చెయ్యడానికి పనికొస్తారా లేదా వాళ్ళు చూసుకోవాలి కదా."

"అయితే ఎవరికీ ఏమీ లేదు మేడం."

"మాట మధ్యలో మార్చావు."

"మార్చలేదు. ఎవరికీ ఏమీ లేదు."

"మేడం, నాదొక సందేహం. ఉదాహరణకి... తోటమాలి ఉన్నాడనుకోండి. ఇక్కడి తోటమాలే. వాడికి జబ్బని కాగితం వెళ్తే ఉద్యోగం పోతుందా?"

"జబ్బుని బట్టి. మోకాలి నొప్పి అయితే కూర్చుని చేసే పనిస్తారు."

"కూర్చుని చేసేవాడికైతే?"

"కూర్చుని చేసేవాడికి మోకాళ్ళతో పనేంటండీ?"

"నాన్నా, పద. లే. ట్రిప్పు. పిల్లలు ఎండలో నిలబడుంటారు."

"కూర్చో కండక్టరూ."

"నాన్నా, పదమంటున్నానా!"

"కూర్చో. ఒక్క సంగతి చెప్పు. పుస్తకాల డబ్బు దేనికి ఖర్చయింది?"

"ఇంటికెళ్ళి చెప్తానన్నాగా."

"ఆ డాక్టరు ఊరికే చూస్తున్నాడన్నావు. క్యాంపు పెట్టారు, డబ్బు తీసుకోరన్నావు. వరసగా మూడు వారాలు క్యాంపేంటని నాకప్పుడే తట్టాలి. తట్టలేదు. తట్టకపోతేనే బాగుందనిపించింది."

"నాన్నా, ప్లీజ్."

"ఆయన లోపల నా ఒక్కడికే చెప్పాడనుకున్నాను. బయటికొచ్చి నీకు నవ్వుతూ చెప్పాను, చుక్కలు రాశాడు, నెలలో తగ్గిపోతుందని. నువ్వు కూడా నవ్వావు. నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసే మర్నాటినుంచీ ముందు సీటెక్కావా?"

"ఒక్కడివే ఉంటే బోరు కొడుతుందని..."

"మీ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో నాకొక్క ముక్క అర్థం కావట్లేదు. ఏ డాక్టరు? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు మేడం! మా నాన్న అన్నీ జోకులేస్తాడు, మీకు తెలుసుగా. ఇదీ అంతే. మీరు తేదీ వేసుకోండి. నేను బట్టల కొట్లో పని చూసుకున్నాను, సాయంత్రాలు, ఆఖరి ట్రిప్పయ్యాక. పగలు నాన్నతో ఉండొచ్చు. బాకీ నేనే కట్టుకుంటాను, నెలనెలా కట్టుకుంటాను. వినండి, అంటున్నాను. నేను చదువు..."

"నోర్ముయ్! ఇది పుట్టాక దీన్ని నేనిలా కసరడం ఇదే మొదలు మేడం. మీరేమీ వినలేదు కదా?"

"నేనేమీ వినలేదు డ్రైవర్ గారూ."

"అయితే ఆ సెలవు కాగితం తియ్యండి."

"నాన్నా వద్దు. అమ్మ జీతం ఒక్కటీ ఏం సరిపోతుంది? నీ రిటైర్మెంటుకి ఇంకో రెండేళ్ళే. నేను చూసుకుంటానన్నానా. రెండేళ్ళు నేను పక్కనుంటే ఎవరికీ తెలీదు. నిన్న తెలిసిందా ఎవరికైనా? మొన్న తెలిసిందా?"

"నీ రెండేళ్ళు నేను తినేసి ఏం చేసుకోను? రాసుకోండి మేడం. రోగి, తండ్రి. మీ రవాణా విభాగంలో డ్రైవరు. కాపీ కూడా పంపించండి. పంపడం కాదు, ఇప్పుడే ఫోన్ చెయ్యండి, మూడింటి ట్రిప్పుకి వేరే మనిషిని చూసుకోమని."

"తొందరపడకండి. ఆ కాగితం వెళ్ళిందంటే మీరు మళ్ళీ బస్సెక్కడం..."

"తెలుసు మేడం. రాయండి."

"ఏం జబ్బని రాయను?"

"కళ్ళు."

"కళ్ళకేమైంది? ఇంత బస్సు నడుపుతున్నారు! నిన్న సాయంత్రం ఆ వానలో, మా వీధి మలుపులో గుమ్మానికి ఎదురుగా నన్ను దింపింది మీరే కదా?"

"కాదు మేడం. స్టీరింగు పట్టుకున్నది నేనే. బస్సు నడిపింది మాత్రం మా అమ్మాయి, ముందు సీట్లోంచి, నోటితో."